చగ్గా ముసలాయన పట్టుకుపోయిన సంచి

మరంగు, టాంజానియా
1991 జూన్ 9, ఆదివారం

చిలుఫ్యాకు నాయనమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే రాయటానికి కారణం ఉంది. ప్రయాణంలో జరిగిన సంగతి రాయటం ఆలస్యం చేసినకొద్దీ మనసు దానికి నగలు పెడుతుంది. నలభై ఒక్క ఏళ్ళు బడి నడిపాను. సెలవుల్లో ఏం చూశామో పిల్లలు రాసిన వ్యాసాలు వేలకొద్దీ దిద్దాను. నగలు ఎక్కడ మొదలవుతాయో నాకు తెలుసు. అందుకని నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు, నేను మరంగులో ఎందుకున్నానో చెప్పాలి. ఆగస్టు 24న మనిద్దరం మీ జాంబియాలో, లివింగ్‌స్టన్ ఊళ్ళో, పెద్ద జలపాతం దగ్గర కలుసుకుంటున్నాం. తొమ్మిది రోజులు. నాకు డెబ్భై ఒకటి. పెళ్ళిళ్ళకు ప్రయాణం చేశాను, చావులకు చేశాను, పరీక్ష పేపర్లు దిద్దటానికి చేశాను. ఏ పనీ లేకుండా ఒక ఊరికి వెళ్ళి ఊరికే చూసి రావటం ఎన్నడూ చెయ్యలేదు. చేతకాని పనిని మొదటిసారి పరాయి దేశంలో, నీ కళ్ళ ముందు చెయ్యటం నాకు ఇష్టం లేదు. అందుకని సాధన కోసం మూడు రోజులు కిలిమంజారో కిందికి వచ్చాను. ఉసాంగిలో మా పెరట్లోంచి ఈ కొండను డెబ్భై ఏళ్ళుగా దూరంగా చూస్తున్నాను. దగ్గరికి రావటం ఇదే మొదలు.

పాస్‌పోర్టు కూడా తెచ్చాను. ఇక్కడ దాని అవసరం లేదు. దాన్ని వెంట పెట్టుకుని తిరగటం అలవాటు కావాలని తెచ్చాను.

కొండ శనివారం ఉదయం 6.20 నుంచి 6.31 వరకు కనిపించింది. పదకొండు నిమిషాలు. తరవాత మబ్బు. ఊరికే చూడటం అనుకున్నంత తేలిక కాదు. ఏడో నిమిషానికి చేతులేం చెయ్యాలో తెలియక శాలువా అంచు పోగులు లెక్కపెట్టాను.

పది గంటలకు మా బసలో వంట చేసే ఐకండేతో కలిసి ఇక్కడి చిన్న జలపాతానికి వెళ్ళాను. ఆమె ఆకుకూర కోసం ఏటి ఒడ్డుకు దిగింది. నేను బల్ల మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు తీసి నీళ్ళు తాగుతున్నాను. ఎదురుగా ఒక ముసలాయన వచ్చి ఆగాడు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. వయసు డెబ్భై దాటి ఉంటుంది. ఆకుపచ్చ ఉన్ని టోపీ. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తాడు. పై వరసలో ముందు పన్ను లేదు. భుజాన అరటిపండ్ల బుట్ట.

"ఏమమ్మోయ్ పారే పిసినారీ! జలపాతం చూడ్డానికి వస్తూ నీళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నావా?" అన్నాడు.

"మీ చగ్గా వాళ్ళు జలపాతానికి కూడా మూత పెట్టి గ్లాసులెక్కన అమ్ముతారని విన్నానులే" అన్నాను.

"కోడిపిల్ల కోసం కోర్టుకెక్కి ఆవును పోగొట్టుకునే జాతి మీది!"

"ఆ ఆవును సగం ధరకి కొన్నది మీవాళ్ళే కదయ్యా."

పన్ను లేని సందు కనబడేలా నవ్వాడు. బుట్ట దించి నా పక్కన పెట్టాడు. నా గోధుమరంగు సంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. "ఇది నాది. కావాలంటే కోర్టుకెళ్ళు" అని చెట్లలోకి ఎక్కిపోయాడు. నేను నవ్వాను. నవ్వక తప్పదు. మా పారే తెగవాళ్ళకూ ఈ చగ్గా తెగవాళ్ళకూ ఎకసెక్కాల వరస ఉందని మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు. ఎదురుపడితే తిట్టుకోవాలి. చేతికందింది పట్టుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఓడినట్టు.

సంచిలో ఉన్నవి: చదువుకునే కళ్ళజోడు (పాత జత పెట్టెలో ఉంది), ప్రయాణాల నోటుబుక్కు, పాస్‌పోర్టు.

ఏటి ఒడ్డుకు దిగి ఐకండేకి సంగతి చెప్పి, తిరిగొచ్చాక బుట్ట ఆమెకే ఇచ్చేశాను. నేను ఒక్క పండూ ముట్టలేదు. వరసవాడి పండు తింటే అతడిది పైచేయి అయిపోతుంది. సంచి రెండు మూడు రోజుల్లో తనే తెచ్చిస్తాడు.

క్రమం తప్పకుండా పాలు తాగు.

నీ నాయనమ్మ,
నకుండా


లుసాకా
1991 జూన్ 21

నాయనమ్మా,

నీ ఉత్తరం చదువుతూ మొదట నవ్వాను. చివరికి వచ్చేసరికి సంచి తిరిగొచ్చేస్తుంది కదా అనుకున్నాను. చివరికి వచ్చాను. సంచి రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి నవ్వు రాలేదు.

నాయనమ్మా, అతను దొంగ.

వరస అంటే నాకు తెలియదనుకోకు. అమ్మ బెంబా కదా, వాళ్ళకి ఎన్గోనీలతో ఇదే వరస. మా వీధి చివర టైలర్ ఎన్గోనీ. అమ్మ కనబడితే చాలు, "ఏం వదినా, కోతికూర వండావా ఇవాళ?" అంటాడు. "మీ ఇంట్లో ఎలకలు అయిపోయాయా, మా కూర మీద పడ్డావు?" అంటుంది అమ్మ. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకుంటారు. అక్కడితో సరి. అమ్మ చేతిసంచి భుజాన వేసుకుని ఎవరూ చెట్లలోకి పోరు!

నీ సంచికి నీ పేరూ ఊరూ రాసిన చీటీ కట్టి ఉంటుంది. నువ్వు కట్టకుండా ఉండవు. ఉసాంగి అని చదివితే పారే మనిషివని తెలిసిపోదా? నాలుగు తిట్లు నేర్చుకున్నవాడు ఆ కొండ చుట్టూ ఎన్ని సంచులైనా ఏరుకోవచ్చు. ఎవరూ కేకలు కూడా వెయ్యరు. నవ్వుతారు.

నాన్నకి చదివి వినిపించాను. టోపీ, కాలు, పన్ను దాకా విని, "మా అమ్మ నా పెళ్ళి గురించి కూడా ఇంత వివరంగా రాయలేదే. ఎవడే ఆ టోపీవాడు?" అన్నాడు. నాన్నకి అన్నీ వేళాకోళమే.

నాకు మాత్రం భయంగా ఉంది. గది మాట్లాడేశాం. నర్సింగ్ కాలేజీలో సెలవు కూడా ఇచ్చారు. పాస్‌పోర్టు లేకపోతే నువ్వు సరిహద్దు ఎలా దాటతావు? నిన్ను నేను ఇప్పటికి రెండేసార్లు చూశాను. మూడేళ్ళప్పుడు చూసింది గుర్తులేదు. తొమ్మిదేళ్ళప్పుడు నా చేత పదమూడో ఎక్కం ఒప్పజెప్పించుకున్నావు. ఈ తొమ్మిది రోజులే నాకు కావాలి. దయచేసి పోలీసులకు చెప్పు.

చిలుఫ్యా


ఉసాంగి
1991 జూలై 2, మంగళవారం

చిలుఫ్యాకు,

నీ ఉత్తరం నిన్న అందింది. దస్తూరి మెరుగుపడింది. తర్కం మెరుగుపడాలి.

వరసవాడి మీద పోలీసులకు చెప్పిన పారే మనిషి ఇంతవరకు లేదు. ఉంటే ఆ ఇంటి పేరు చెప్పి ఇప్పటికీ నవ్వుతుండేవాళ్ళు. మా నాన్నగారు పోయినప్పుడు ఒక చగ్గా ఆయన కోటు తొడుక్కుని, ఆయన కర్ర పట్టుకుని, ఆయనలాగే దగ్గుతూ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. మేకను ఇస్తేగాని శవాన్ని కదలనివ్వలేదు. మా అమ్మ ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. ఆ కోటు మళ్ళీ మాకు రాలేదు. దాన్ని దొంగతనం అని ఎవరూ అనలేదు. మీ టైలర్‌కి మాటలతో సరిపోతే మంచిదే. మా దగ్గర చేతులు కూడా ఆడతాయి.

అయితే సంచి ఇంకా రాలేదన్నది నిజం. అతడెవరో తెలుసుకుందామని మరంగుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడు జవాబులూ వచ్చాయి. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

ఐకండే: "టీచరమ్మా, ఆకుపచ్చ టోపీలు ఇక్కడ ఇంటికొకటి. నేను ఈ ఊరికి కొత్త. పండ్లు చాలా బాగున్నాయి."

బస నడిపే చర్చి పెద్ద: "ఆ పోలికల మనిషి మా ఊరివాడు కాదు. పని కోసం వచ్చిపోయే మేరు కొండవాడై ఉంటాడు."

బస్సు కండక్టరు: "కుంటికాలు, పన్ను లేదు అంటే నాకు తెలుసమ్మా. చగ్గాయే. కానీ వాళ్ళమ్మ మీ పారే ఆడపడుచు."

ఇప్పుడు నా పరిస్థితి ఇది. అతడు చగ్గా అయితే నాకు వరస, సంచి పట్టుకుపోవటం అతడి హక్కు. మేరు అయితే మాకూ వాళ్ళకూ ఏ వరసా లేదు, అతడు దొంగ. తల్లి పారే అయితే నాకు మేనల్లుడవుతాడు. మేనల్లుడు నన్ను పిసినారీ అనవచ్చా? దీనికి ముగ్గురు పెద్దలను అడిగాను. ఒకరు అనవచ్చన్నారు. ఒకరు అనకూడదన్నారు. మూడో ఆయన అనవచ్చు గాని సంచి ముట్టకూడదన్నారు. ఇన్నేళ్ళ జీవితంలో ఒక మనిషి నాకు ఏమవుతాడో తెలియకుండా ఇన్ని రోజులు గడపటం ఇదే మొదటిసారి.

నలభై రోజులు ఆగుతాను. జూలై 18 వరకు. ముందు వెళ్ళి అడిగినవాళ్ళు ఓడినట్టు. నేను ఓడను.

మీ నాన్నకు చెప్పు: అతడి పెళ్ళి గురించి నేను క్లుప్తంగా రాయటానికి కారణం, అతడు నాకు క్లుప్తంగా చెప్పటమే.

నాయనమ్మ


లుసాకా
1991 జూలై 8

నాయనమ్మా,

పదిహేడు రోజులైంది, నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. నువ్వు ఒక్కరోజు ఆలస్యం చేసే మనిషివి కాదు. ఏదో అయిందనుకున్నాను. అందుకని ఒక పని చేశాను. కోప్పడకు.

కిందటి వారం మోషీ పోలీసులకి నా పేరుతో ఫిర్యాదు రాసి పంపాను. ఆలోచించి రాయాల్సిందేమీ లేకపోయింది. నీ ఉత్తరంలోంచి ఎత్తి రాశాను: అయిదడుగుల నాలుగంగుళాలు, ఆకుపచ్చ టోపీ, ఎడమ కాలు, పై వరసలో పన్ను. నాన్న చూసి, "దీనితో అయితే వాణ్ణి కళ్ళు మూసుకుని పట్టుకోవచ్చు" అన్నాడు.

ఇంకో మాట. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాన్న మొన్న భోజనాల దగ్గర అన్నాడు, "మా అమ్మకి ఊరికే తిరగటం గిట్టదు. రావటం ఇష్టం లేక ఆ ముసలాయన్ని కల్పించిందేమో" అని. వేళాకోళానికే అన్నాడు. కానీ నేను కంచం వదిలి లేచిపోయాను. నీకు రావాలని లేకపోతే లేదని రాసెయ్యి నాయనమ్మా. నేను ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ తట్టుకుంటాను.

చిలుఫ్యా


ఉసాంగి
1991 జూలై 20, శనివారం

చిలుఫ్యాకు,

నీ ఉత్తరం 17న ఉదయం వచ్చింది. అదే రోజు సాయంత్రం మరంగు పోలీసు ఠాణా నుంచి ఒక కాగితం వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని మూడు రోజులుగా చూస్తున్నాను.

నేను కల్పించిన ముసలాయన దొరికాడు.

పేరు ఎలినాజా కిలేయో. డెబ్భై నాలుగేళ్ళు. తండ్రి చగ్గా, తల్లి చగ్గా, నాయనమ్మ, అమ్మమ్మ అందరూ చగ్గాలే. అంటే కండక్టరు చెప్పింది తప్పు, చర్చి పెద్ద చెప్పింది తప్పు. కొండ ఎక్కటానికి వచ్చే విదేశీయుల సామాను మోసే కూలీగా నలభై ఏళ్ళు పని చేశాడు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తరవాతి సంగతే నాకు అర్థం కావటం లేదు. ఠాణా అధికారి అతడి మాటలు మార్చకుండా రాశానన్నాడు. నేనూ మార్చటం లేదు.

అధికారి: "పెద్దాయనా, టీచరు గారి సంచి నీ దగ్గరుందా?"

"ఉంది. నాదే. నలభై ఏళ్ళు పరాయివాళ్ళ సంచులన్నీ మోశాను బాబూ. ఒక్కటైనా నాది కావద్దూ?"

"పాస్‌పోర్టు?"

"ఆవిడ దగ్గరే ఉంది."

"లేదనే కదా ఫిర్యాదు!"

"ఉంది. పారేవాళ్ళకి ఉన్నది లేదనటం అలవాటు. ఆవిణ్ణి పిలిపించు. నా మీద ఒక పారే మనిషి కేసు పెట్టిందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మట్లేదు. నేను చచ్చేలోపల చూడాలి ఈ కేసు."

ఇంటికి పొమ్మన్నా పోవటం లేదట. జూలై 12 నుంచి రోజూ ఉదయం ఎనిమిదింటికి సంచితో సహా వచ్చి ఠాణా వరండాలో కూర్చుంటున్నాడు. సాయంత్రం వెళుతున్నాడు. వాళ్ళే టీ ఇస్తున్నారు. కింద అధికారి తన మాటగా ఒక వాక్యం చేర్చాడు: "టీచర్ గారూ, మాకు సముద్రం వైపు కూడా ఈ వరసలున్నాయి. దీన్ని రాసుకోవాలో నవ్వుకోవాలో తెలియటం లేదు."

నాకూ తెలియటం లేదు. వరసవాడు వస్తువు పట్టుకుపోవచ్చు. కానీ అధికారి ముందు అబద్ధం ఆడడు. అది వరసలో లేదు. పాస్‌పోర్టు నా దగ్గర లేదు. ఇల్లంతా వెతికాను. అసలు ఎందుకు వెతికానో కూడా తెలియదు, అది సంచిలోనే ఉందని నాకు తెలుసు. కనుక అతడు అబద్ధం ఆడుతున్నాడు. కనుక దొంగ. కనుక నువ్వు మొదటి నుంచీ చెప్పిందే నిజం. ఇది రాయటం నాకు సంతోషంగా లేదు.

ఇక రెండో విషయం. నాకు రావటం ఇష్టం లేదని మీ నాన్న అన్నాడు, నువ్వు నమ్మావు. నేను దీనికి జవాబు మూడుసార్లు రాసి చించేశాను. ఒక్కటే అడుగుతాను. అడగకుండానే పోలీసులకు రాశావు. నలభై రోజులు ఆగుతానన్న నా ఉత్తరం దారిలో ఉండగానే రాశావు. ఇంత తొందరలో ఇంకేమైనా ఉందా? ముసలిదానితో తొమ్మిది రోజులు ఎలా గడపాలని నీకే అనిపిస్తున్నదా? అలా అయితే నువ్వు కూడా రాసెయ్యి. నేనూ తట్టుకుంటాను.

నకుండా


లుసాకా
1991 జూలై 30

నాయనమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తరవాత కోపం వచ్చింది. తరవాత నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరిచి, నువ్వు పరీక్ష పేపర్లు దిద్దినట్టు పెన్సిల్ పట్టుకుని మొదటి నుంచి చదివాను.

నాకు నీతో తొమ్మిది రోజులు చాలవు. ముందు ఇది చదువుకో. తరవాతే మిగతాది.

జూన్ 9 ఉత్తరంలో ఒక వాక్యం కింద గీత గీశాను. "బుట్ట దించి నా పక్కన పెట్టాడు." దొంగ అయితే తన బుట్ట ఎందుకు వదిలేసి పోతాడు? అది నేను ముందే ఆలోచించాల్సింది. పండ్ల మీద నీకు పట్టింపు, దొంగ మీద నాకు పట్టింపు. బుట్ట సంగతి ఇద్దరం వదిలేశాం.

నాయనమ్మా, అతను అబద్ధం ఆడకపోతే? పాస్‌పోర్టు నిజంగానే నీ దగ్గరే పెట్టిపోయి ఉంటే? ఒక్క పండూ ముట్టలేదన్నావు. ఆ బుట్ట అడుగున ఏముందో చూశావా?

నా అనుమానం తప్పయితే నన్ను క్షమించు. నిజమైతే ఇంకా ఎక్కువ క్షమించు. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని నా ఒక్క కాగితం వరండాలో కూర్చోబెట్టింది.

నీ చిలుఫ్యా


మరంగు
1991 ఆగస్టు 12, సోమవారం

నా చిలుఫ్యాకు,

ఈ ఉత్తరం టపాలో వెయ్యటం లేదు. రైలు ఉద్యోగంలో ఉన్న నా పూర్వ విద్యార్థి చేతికి ఇస్తున్నాను. 16న నీకు అందాలి. అందిన వెంటనే చివరి పుట చూడవద్దు. వరసగా చదువు.

నీ ఉత్తరం 7న వచ్చింది. 8న మొదటి బస్సుకు బయలుదేరి మధ్యాహ్నానికి ఇక్కడికి వచ్చాను. ఠాణా వరండాలో ఆకుపచ్చ టోపీ కనిపించింది. ఒళ్ళో నా సంచి.

"వచ్చావా తల్లీ! కోర్టంటే చెప్పులు కూడా మరిచి పరుగెత్తే జాతి కదా, ఇరవై ఎనిమిది రోజులు పట్టిందేం?"

"దారిపొడుగునా మీవాళ్ళే కదయ్యా. ఊపిరి పీల్చినందుకు కూడా టిక్కెట్టు కొట్టారు."

లోపల అధికారి నవ్వటం వినిపించింది. నేను నవ్వలేదు. "పాస్‌పోర్టు ఏది?" అన్నాను.

"నీ దగ్గరే. నువ్వు ఏటి ఒడ్డుకు దిగినప్పుడు వెనక్కి వచ్చి, పండ్ల కింద, ఎండుటాకులో చుట్టి పెట్టాను. సంచి అంటే వరస. ప్రయాణం ఆపటం వరస కాదు. కొండ ఎక్కినవాళ్ళు ఆ చిన్న పుస్తకం పోగొట్టుకుని ఎలా ఏడుస్తూ దిగేవాళ్ళో నాకు తెలియదా? నాలుగు పండ్లు తింటే కనబడుతుంది కదా అనుకున్నాను." ఆగి నా ముఖం చూశాడు. "పండ్లు తిన్నావా?"

"తినలేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

టోపీ తీసేశాడు. "ఊరికే వచ్చిన పండ్లు, పారే మనిషి ముట్టలేదా! ఎక్కడైనా ఉందా ఇది?"

"మా మీద చెప్పుకునే వేళాకోళాన్ని నువ్వే నమ్మావటయ్యా?" అన్నాను.

"యాభై ఏళ్ళుగా అంటున్నాను కదా. నమ్మకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. నిజంగానే దిగులుపడ్డాడు. ఆ ముఖం చూశాక నాకు చివరి అనుమానం పోయింది. పొరపాటు సగం అతడిది, సగం నాది. అతడు నన్ను పిసినారి అని నమ్మాడు. నేను ఓడిపోతానేమోనని బుట్ట వంక చూడనైనా లేదు.

అధికారితో సహా ముగ్గురం కలిసి బసకు వెళ్ళాం. ఐకండే పెరట్లోకి తీసుకువెళ్ళింది. బుట్ట ఉంది. బుట్టలో గడ్డి, గడ్డి మీద ఒక నల్లకోడి.

"పండ్లు అయిపోయాక అడుగున ఎండుటాకులు ఉంటే వాటి మీదే గడ్డి పరిచి దీనికి ఇచ్చాను టీచరమ్మా. పదమూడు గుడ్లు పెట్టాను. పద్దెనిమిదో రోజు. ఇప్పుడు కదిపితే అన్నీ పాడవుతాయి."

"కోడినెత్తి పుస్తకం తీసేస్తే పోయె" అన్నాడు అధికారి.

"నా కోడి మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అంది ఐకండే.

ఎలినాజా పెరటి గోడకు ఆనుకున్నాడు. నా వంక చూస్తూ ఉన్నాడు. అతడు ఏమనబోతున్నాడో నాకు తెలుసు. అతడు అనకముందే నేను అన్నాను: "కోడిపిల్లల విషయం పారేవాళ్ళకి వదిలెయ్యండి. మూడు రోజులు ఆగుదాం."

అలా మూడు రోజులు ఆగాను. ఏ పనీ లేదు. నోటుబుక్కు తెచ్చుకోలేదు, పాతది అతడి ఒళ్ళో సంచిలో ఉంది. జలపాతం ముందు బల్ల మీద నేను ఒక చివర, అతడు ఒక చివర. గంటకొక తిట్టు. మధ్యలో ఊరికే చూడటం. శనివారం ఉదయం కొండ కనిపించింది. ఎన్ని నిమిషాలో రాసుకోలేదు. ఎంతసేపైతే అంతసేపు కనిపించింది.

ఆదివారం పిల్లలు బయటికొచ్చాయి. పదకొండు. గడ్డి తీశాం. ఎండుటాకు విప్పాం. పాస్‌పోర్టు ఉంది. కానీ పచ్చి గెల కాడల పాలు కారి ఫొటో మీద నల్లగా అట్టకట్టింది. కోడి వేడికి పుటలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అధికారి వెలుతురుకు పట్టి చూసి, "టీచర్ గారూ, ఇందులో ఉన్నది మీరో కోడో ఏ సరిహద్దులోనూ ఎవరూ చెప్పలేరు" అన్నాడు. కొత్తది అక్టోబరుకు గాని రాదు.

కనుక నేను నీ జలపాతానికి రాలేను. ఇది ఇష్టం లేక కాదు. ఇష్టం సంగతికే వస్తున్నాను.

ఎలినాజా రెండు నెలలుగా నా కళ్ళజోడు పెట్టుకుని నా నోటుబుక్కు చదివాడు. నిన్న సాయంత్రం ఒక పుట తీసి నా ముందు పెట్టాడు. ఆ పుట నేను ఏప్రిల్‌లో రాసుకున్నది. పైన "చిలుఫ్యాతో తొమ్మిది రోజులు" అని శీర్షిక. కింద, ఏ రోజు నీతో ఏం మాట్లాడాలో. మొదటి రోజు: మీ నాన్న చిన్నతనం. రెండో రోజు: నా బడి. మూడో రోజు: మీ తాతగారు. నాలుగో రోజు: నీ చదువు. ఐదు నుంచి తొమ్మిది వరకు అంకెలు ఉన్నాయి, ఎదురుగా ఏమీ లేదు. ఏప్రిల్ నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. నాకేమీ తోచలేదు. నేను పిల్లలకు పాఠం చెప్పగలను. పాఠం లేకుండా పిల్లల పక్కన కూర్చోవటం తెలియదు. నువ్వు ఐదో రోజున విసుగుపడతావని భయపడ్డాను. మరంగుకు సాధన కోసం వచ్చానని రాసింది దాన్ని గురించే. కొండను చూడటం గురించి కాదు.

"ఈ ఐదు ఖాళీలకా నువ్వు దిగులుపడేది? ఆ పిల్లను ఇక్కడికి రమ్మను. నా మీద కేసు పెట్టింది ఆ పిల్లే కదా, నీ కన్నా గట్టి పారే. ఆ ఐదు రోజులు నేను తిడతాను, మీరిద్దరూ బదులు చెప్పండి" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. అతడు సంచి మాత్రం ఇవ్వలేదు.

నీ కోసం ఎదురుచూస్తున్న నాయనమ్మ నకుండా అని సంతకం ఇక్కడే పెడుతున్నాను. ఎందుకంటే కింద ఉన్నవి జరగాల్సినవి, వాటి తరవాత చెప్పటానికి ఏమీ లేదు.

1. లివింగ్‌స్టన్ గది వద్దని కబురు పెట్టు. ఆగస్టు 20 రైలెక్కి దార్ ఎస్ సలాంలో దిగు. స్టేషన్లో నేను ఉంటాను. గంట ముందే ఉంటాను.

2. ఫిర్యాదు నీ పేరున ఉంది కనుక నువ్వే ఠాణాలో సంతకం పెట్టి వెనక్కి తీసుకోవాలి. ఎలినాజా ఒప్పుకోనని గొడవ చేస్తాడు. చెయ్యనియ్యి. తరవాత ఆయనకు నమస్కారం పెట్టి క్షమించమని అడుగు. ఆ ఒక్క నిమిషం వరస కాదు, నిజం.

3. సంచి విడిపించటానికి పెద్ద జలపాతం నీళ్ళు ఒక సీసా కావాలన్నాడు. లుసాకా కుళాయి నీళ్ళు పట్టుకురా. జలపాతంవే అని చెప్పు. నేను ఎవరికైనా అబద్ధం నేర్పటం ఇదే మొదటిసారి.

4. మీ అమ్మనూ ఆ టైలర్‌నూ అడిగి రోజుకు మూడు తిట్ల చొప్పున నేర్చుకో. కోతులవీ ఎలకలవీ ఇక్కడ పనికిరావు. మిగతావి తీసుకురా.

5. నువ్వు మరంగులో దిగగానే అతడు నీ సంచి పట్టుకుపోతాడు. పోనియ్యి. ఎవరికీ ఉత్తరాలు రాయకు.

6. ఐదో రోజు నుంచి తొమ్మిదో రోజు వరకు ఏం చెయ్యాలో నువ్వు కూడా ఆలోచించి రావద్దు. ఖాళీగానే ఉండనియ్యి.

7. బుట్ట నిండా అరటిపండ్లు పెడతాడు. మొహమాటపడకుండా తినాలి. నేనూ తింటాను.